వంటింటికి రాని ఇంటర్నెట్

లూమసారి దీవి, అక్టోబరు 3

ప్రియమైన తెల్లెర్వోకి,

మొత్తానికి ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకున్నాను. ఏం లాభం, వంటింట్లో కంప్యూటర్ తెరిస్తే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. మా దీవికి చలికాలం ఓడ ఆపేస్తారట. అది తేల్చడానికి ఇరవయ్యో తారీఖున పురపాలక సభ కంప్యూటర్లోనే జరుగుతుంది. దీవి తరఫున మాట్లాడేది నేనే. దీవిలోని ఏడిళ్లవాళ్లూ నా వంటింట్లో కూర్చుంటామన్నారు. ఫోన్ అందే కొండరాయి మూడుసార్లు ఎక్కి కంపెనీవాడితో మాట్లాడాను. "ఆపి మళ్లీ ఆన్ చెయ్యండమ్మా" అంటాడు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ తీగలు బాగుచేసినదానివి, నువ్వే చెప్పాలి.

నీ అక్క,
సైమి

టుర్కు, అక్టోబరు 7

నా బంగారు అక్కకి,

కంపెనీవాళ్లు ఇచ్చిన ఇంటర్నెట్ డబ్బా పక్కనే కూర్చుని చూడు. అక్కడ బాగా వస్తే తీగ మంచిదే, దారిలో ఏదో అడ్డం పడుతోంది. ఇంతకీ డబ్బా ఎక్కడ పెట్టావు? ఆ మాటే రాయలేదు. ఓడ లేకపోతే చలికాలంలో నువ్వు ఆసుపత్రికి ఎలా వస్తావో తలచుకుంటేనే నాకు వణుకు పుడుతోంది. వెంటనే రాయి.

నీ తెల్లెర్వో

లూమసారి, అక్టోబరు 10

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. పై బల్ల ఎక్కి ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుంటే గుర్రంలా పరుగెత్తింది. తలుపు దాటి రెండడుగులు వేశానో లేదో, చచ్చింది. డబ్బా ఎవరి కాళ్లకీ అడ్డం రాని చోటే ఉందిలే, దాని జోలికి పోకు. పక్కింటి వీనో "ఎందుకీ తంటా సైమీ, సభకి ఉత్తరం రాసి పడేద్దాం" అంటున్నాడు. ఉత్తరాలు చదివే మొహాలా అవి!

దిక్కుతోచని
సైమి

టుర్కు, అక్టోబరు 14

అక్కా,

నీ ఇంట్లో పై బల్ల ఉన్న గది ఒక్కటే. ఆవిరి స్నానం చేసే సౌనాలోనా డబ్బా పెట్టేది! వేడి పోకుండా ఆ చెక్కల వెనక రేకు పరిచాం. నువ్వూ నేనూ పట్టుకుంటే బావ మేకులు కొట్టలేదూ? ఆ రేకు సిగ్నల్‌ని బయటికి పోనిస్తుందా? డబ్బాని నడవలోకి లాగు. ఈ పొట్లంలో పొడుగు తీగ పెట్టాను.

ఇంకో మాట. డబ్బా అక్కడ పెట్టావంటే సౌనా పొయ్యి వెలిగించడమే మానేశావన్నమాట. బావ పోయి మూడేళ్లు. నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?

కోపంగా, ప్రేమగా,
తెల్లెర్వో

లూమసారి, అక్టోబరు 21

నా ప్రాణమైన చెల్లికి,

గెలిచాం! డబ్బా నడవలోకి రాగానే వంటింట్లో నిక్షేపంగా వచ్చింది. నిన్న సభలో అధ్యక్షుడు "సైమిగారూ, మీ రెండు నిమిషాలూ అయిపోయాయండీ" అన్నాడు. "జనవరిలో మా వీనో కోడలికి నొప్పులొస్తే గడ్డకట్టిన సముద్రం మీద నడిపించి తెమ్మంటారా?" అన్నాను. నా వెనక ఆ పిల్ల నిండు కడుపుతో లేచి నిలబడింది. అధ్యక్షుడు వెంటనే ఓట్లకి పిలిచాడు. మన వైపు ఇరవై ఓట్లు, అటు నాలుగు. ఓడ ఉంటుంది.

నీ దగ్గర దాచినందుకు సిగ్గుగా ఉంది. ఆయన లేకుండా ఆవిరిలో ఒక్కదాన్నే కూర్చోలేక గది నిండా పెట్టెలు పేర్చాను. నిన్న ఆడవాళ్లంతా "గెలిచిన రోజు సౌనా లేకపోతే ఎలా?" అంటూ, నేను వద్దంటున్నా పెట్టెలన్నీ బయటికి మోసేశారు. పొయ్యి మాత్రం నేనే రాజేశాను. ఆరుగురం ఇరుక్కుని కూర్చున్నాం. ఎంత ఏడ్చానో అంత నవ్వాను. ఇప్పుడు బాగున్నాను చెల్లీ, నిజంగానే.

నీ అక్క,
సైమి