ముందు కట్టిన గది

మిన్నెసోటా, మార్చి 1911

అమ్మా, నేను, విల్హో బాగున్నాం. "ఇంకా ఇల్లే లేదట, పురుడెక్కడ పోసుకుంటావే" అని రాశావు. ఇల్లు లేదు గానీ ఆవిరిస్నానాల గది ఉంది, అందులోనే కాపురం. ఇనుప గనిలో పని పోయాక విల్హో చెట్లు నరికేసిన ఈ మోడుల నేల కొన్నాడు. మన దేశంవాళ్ళెవరైనా ఇంటికన్నా ముందు కట్టేది అదే కదా. పక్క పొలం నార్వే ఆవిడ రాగ్న్‌హిల్డ్ మాత్రం వచ్చీరాని ఇంగ్లీషులో, "ఇల్లు కట్టకుండా స్నానాల గదా? అంత మురికి పట్టి ఉన్నారా మీరు?" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

పోయిన వారం మంచు తుఫానులో ఆమెకే నొప్పులొచ్చాయి. వాళ్ళ కొత్త ఇంట్లో గోడల సందుల్లోంచి మంచు పడుతుంటే, మొగుడు ఆమెను మంచుబండి మీద మా దగ్గరికి తెచ్చాడు. మగవాళ్ళిద్దర్నీ బయటికి తరిమి, పొయ్యి రాళ్ళు వేడెక్కించి, అక్కకు నువ్వు చేసినట్టే చేశాను. ఆడపిల్ల. "పెళ్ళయ్యాక ఇంత వెచ్చగా ఎప్పుడూ లేను" అంది ఆ మహాతల్లి. ఇప్పుడు ఆమె మొగుడు పశువుల కొట్టం సగంలో ఆపేసి, స్నానాల గదికి దుంగలు నరుకుతున్నాడు.

ఎవరైనా ఇటు వస్తుంటే రాళ్ళ మీద నీళ్ళు చల్లే రాగి గరిటె పంపు. ఆవు ఈనిందా? నాన్న దగ్గు ఎలా ఉంది? అక్కను అడిగానని చెప్పు.

బెంగపెట్టుకోకు. నువ్వు నన్ను కన్నదీ ఇలాంటి గదిలోనే. నాకు నెలలు నిండగానే రాగ్న్‌హిల్డ్ వచ్చి ఉంటానంది. పక్కన నువ్వు లేకపోయినా, నన్ను తిట్టడానికి ఒక మనిషి ఉంటుంది. దేవుడు చల్లగా చూశాడు.

నీ హిల్యా