గవాచి మూత

సౌభాగ్యవతి రెడ్డెమ్మకు,

కువైట్ నుంచి భీమరాజు ప్రేమతో రాసేది. ఇక్కడ నేను, నా రూములోని వాళ్ళు, ఎంత తరిమినా పోని బొద్దింకలు, అందరం క్షేమం. అక్కడ నువ్వు, పిల్లలు, నా మీద నీ కోపం కూడా నిండు ఆరోగ్యంతో ఉన్నట్టు నీ ఉత్తరం వల్ల తెలిసింది. సంతోషం.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. కార్డు అయిపోయేలోగా నీ మాటలు పూర్తయితే కదా నా వంతు వచ్చేది! అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అర్దియాలో వంట పని చేసే మన రాయచోటి మస్తాన్ బీ సెలవు మీద వస్తోంది. ఈ ఉత్తరం, పిల్లలకు చాక్లెట్లు, నీ మోకాళ్ళకు రాసుకునే మందు ఆమె చేతికే ఇస్తున్నాను. మందు పొయ్యి దగ్గర పెట్టకు, కరిగిపోతుంది.

ఇక నీ ప్రశ్నలు. వేళకు తింటున్నాను. చిక్కలేదు, ఫోటోలో చొక్కా వదులుగా ఉందంతే. "యోగా చేసేదానికి చాప ఉంటే చాలదా, దానికి బిల్డింగేంది?" అని రాశావు. సబ్హాన్‌లో ఇళ్ళ బొమ్మలు గీసే మా ఆఫీసుకు ఈ పని వచ్చినప్పుడు నాకూ అదే అనిపించింది. మస్తాన్ బీ పనిచేసే ఇంటి యజమానురాలికి, ఇక్కడ మామా అని పిలుస్తారులే, నడుము నొప్పి యోగాతో తగ్గిందట. వఫ్రాలో వాళ్ళకు తోట ఉంది. ఊరి రొదకు దూరంగా నాలుగు రోజులు ఉండి యోగా చేసుకునేవాళ్ళ కోసం అక్కడ ఒక ఇల్లు కట్టాలని ఆమె కోరిక. అయితే ఏసీ ఉండకూడదు, చెట్టు కొట్టకూడదు, సిమెంటు ఎంత తక్కువైతే అంత మంచిది. ఇవీ షరతులు.

మా ఇంజనీరు హనాన్ జోర్డాన్ మనిషి. తెలివైనది, పనిలో కోపిష్టి, టీ విషయంలో ధర్మాత్మురాలు. ఇంటి రూపం ఆమెదే. గోడలు మూరన్నర మందం మట్టివి. కిటికీలు చిన్నవి, ఉత్తరపు గాలి దూరేట్టు ఎత్తులో ఉంటాయి. స్నానాల నీళ్ళు ఖర్జూరాలకు పారతాయి. తోట మధ్యలో ఒక రేగుచెట్టు ఉంది. ఇక్కడివాళ్ళు దాన్ని సిదర్ అంటారు గానీ పండు నోట్లో వేసుకుంటే మన రేగుపండే. ఆ చెట్టు కోసం గోడనే వంచాం. కాగితం మీద ఆ వంపు గీస్తుంటే నా చేతికే ముచ్చటేసింది.

పైకప్పు గీసే దగ్గర పని ఆగిపోయింది. హనాన్ నా వైపు తిరిగి, మీ ఊళ్ళో ఎండలకు ఏం చేస్తారని అడిగింది. నేను మన మట్టి మిద్దె ఇల్లే గీసి చూపించాను. దూలాలు, వాటి మీద చాపలు, ఆ పైన మట్టి, అన్నిటికంటే పైన వాన నీళ్ళు దిగనీయని మన చవుడు మట్టి. పాత కువైట్ ఇళ్ళూ ఇంచుమించు ఇట్లాగే ఉండేవని ఆమె సంబరపడింది. మన వంటింట్లో ఉన్నట్టే హాలు నడిమధ్యన కప్పుకు కంత వదిలి ఒక గవాచి కూడా పెట్టాను. పొద్దున సూర్యనమస్కారాలు చేసేవాళ్ళ మీద ఆ వెలుగు పడుతుంది. వేడి గాలి అందులోంచే పైకి పోతుంది. రెడ్డెమ్మా, నిజం చెప్తున్నా, ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

పోయిన వారం తోటలోనే, ఆ రేగుచెట్టు కింద బొమ్మలు పరిచాం. మామా అన్నీ చూసి, గవాచి మీద వేలు పెట్టి ఒకే ఒక మాట అడిగింది. "ఇసుక గాలి లేచినప్పుడు, వాన పడినప్పుడు దీన్ని ఎవరు మూస్తారు?"

నేను ఆలోచించకుండా "మా రెడ్డెమ్మ" అనేశాను.

టీ గ్లాసులు పంచుతున్న మస్తాన్ బీ పగలబడి నవ్వింది. "ఏమప్పా భీమరాజూ, అట్లైతే రెడ్డెమ్మకు గూడా వీసా తీయాల్సిందే! మామా, ఈయప్ప పెండ్లామును మిద్దె మీద కూర్చోబెట్టి బొమ్మ గీసినాడు!" అని వాళ్ళకు అరబ్బీలో విడమరిచి చెప్పింది. మామా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. హనాన్ అయితే, మరి ఏటేటా ఆ మట్టి పైకి మోసి చల్లేదెవరని అడిగి, నా మొహం చూసి, జవాబు అక్కర్లేదంది.

నేనూ నవ్వాను గానీ ఆ రాత్రంతా అదే తలలో తిరిగింది. మబ్బు పడితే నిచ్చెన ఎక్కేది నువ్వు. గవాచి మీద బండ జరిపేది నువ్వు. చవుడు గంప నడుముకెత్తుకుని పైకి పోయేది నువ్వు. మోకాళ్ళకు మందు పంపమన్నావు గానీ నొప్పి ఎందుకో నువ్వు రాయలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. చదివాక చేట విసరొద్దు, నేను అందేంత దూరంలో లేను. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేయడానికి మీ తమ్ముడు నాగరాజు రావడం లేదని ప్రతి ఉత్తరంలో తిడుతున్నావు. కూలీలు దొరకలేదన్నాడు, మూఢమన్నాడు, జ్వరమన్నాడు. పాపం, అతనికి ఏ జ్వరమూ లేదు. రావద్దని ఫోన్ చేసి చెప్పింది నేనే. ఇక్కడ ఇంతమంది మెచ్చుకునే మిద్దెను అక్కడ గడ్డపారతో పొడిపించడానికి మనసు ఒప్పలేదు. నీకు చెబితే ఒప్పుకోవని దొంగచాటుగా ఆపించాను. ఆ ఇంటి చల్లదనం నాది, దాని చాకిరీ నీది అని ఆ రేగుచెట్టు కిందనే తెలిసింది. తప్పు నాది. నాగరాజును తిట్టినవన్నీ వెనక్కి తీసుకుని నాకు పంపు.

వఫ్రా ఇంటికి హనాన్ కొత్తగా ఒక మూత ఆలోచించింది. కింద నిలబడి తాడు లాగితే గవాచి మూసుకుంటుంది. ఏటేటా పైకప్పు చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని పెడుతున్నారు. మూత బొమ్మ మాత్రం మన ఇంటికీ ఒకటి గీసి ఇందులో పెట్టాను. తాడు మన పొయ్యి పక్కన, నీ చెయ్యి అందే ఎత్తులో వేలాడుతుంది. నచ్చితే ఉంచుకో, లేదా దానితోనే పొయ్యి అంటించుకో.

నాకు వీసా ఇచ్చిన కఫీల్ సెలవుకు సంతకం పెట్టాడు. వానలు మొదలయ్యేలోగా వస్తాను. ఈసారి నిచ్చెన నేను ఎక్కుతాను, గంప నేను మోస్తాను. నువ్వు కింద పీట వేసుకుని కూర్చుని, ఎక్కడ కారుతోందో కేకలు వెయ్యి. వాన వెలిశాక నువ్వే చెప్పు, స్లాబా, మిద్దెనా. నువ్వు పిలిచిన రోజే గడ్డపార పట్టుకుని రమ్మని నాగరాజుకు నిన్ననే చెప్పాను. ఈసారి జ్వరం రాదు.

పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మిద్దె గీయడం తెలిసి, ఎక్కడం ఇంకా నేర్చుకోవలసిన
నీ పెనిమిటి,
భీమరాజు