నలభై ఒకటో వరస

మార్చి 3

కార్మికుడి నోటికి కట్టిన గుడ్డ విప్పని చదువు చదువే కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో పంచిన కరపత్రంలో ఈ మాట చదివే ఆర్గనైజేషనల్ సైకాలజీలో ఎం.ఏ. చేరాను. క్లాసులో మోటివేషన్ తప్ప మరో ముక్క లేదు. థీసిస్‌కి, పిన్ని పనిచేసే మందుల ప్యాకింగ్ ఫ్యాక్టరీలోనే సర్వే చెయ్యడానికి మేనేజర్ ఒప్పుకున్నాడు.

మార్చి 9

అరవై రెండు ఫారాలు పంచాను. పేరు రాయక్కర్లేదు, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు అని ఒట్టేసి చెప్పాను. పిన్ని ఇంటికి తెచ్చుకుని రాసింది. నిజం రాయనా, మర్యాదగా రాయనా అని అడిగింది. నిజమే రాయి పిన్నీ, నేనున్నాగా అన్నాను. సర్వీసు దగ్గర ఇరవై రెండేళ్ళు అని ఒత్తి ఒత్తి రాసింది. కళ్ళలో గర్వం.

మార్చి 10

సూపర్‌వైజర్ మిమ్మల్ని గౌరవిస్తారా? పిన్ని ఐదుకి ఒకటి వేసింది. కింద రాసింది: బాత్రూంకి చెయ్యెత్తి అడిగి వెళ్ళాలి, నా కొడుకు వయసువాడు వాచీ చూసి రెండు నిమిషాలంటాడు, ఇంట్లో వాళ్ళమ్మకీ వాచీ పెడతాడేమో కనుక్కోండి.

నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

మార్చి 17

మేనేజర్‌కి సగటులు మాత్రమే ఇవ్వు, ఒక్కొక్కరి జవాబులున్న రా డేటా గడప దాటకూడదు అన్నారు గైడ్ మేడమ్. సగటు అంటే ఏమిటి? నొప్పిని నలుగురికీ పంచి మాయం చెయ్యడం. మొత్తం షీటు మేనేజర్‌కి మెయిల్ కొట్టాను. చదివి సిగ్గుతో చావాలి. పేర్లు ఎలాగూ లేవు.

మార్చి 20

మేనేజర్ ఫోన్ చేశాడు. కళ్ళు తెరిపించావమ్మా అన్నాడు.

మార్చి 21, మధ్యాహ్నం 2.30

పిన్ని ఇంటికి వచ్చేసింది. రేపటినుంచి రానక్కర్లేదన్నారట. సూపర్‌వైజర్ అందరిముందూ ఆ వాచీ మాట చదివి, మా అమ్మ గొడవ నీకెందుకే ముసలిదానా అన్నాడట.

షీటు తెరిచాను. సర్వీసు కాలమ్. అరవై ఒక్కమందీ పదేళ్ళలోపే. నలభై ఒకటో వరసలో ఇరవై రెండు. ఆ ప్రశ్న పెట్టింది నేనే.

మార్చి 22

షీటు పంపింది నేనేనని పిన్నికి చెప్పాను. తెలుసే అంది. గిన్నెలు తోముతూనే ఉంది. బాబాయే, ఇంత చదివి ఆ మాత్రం తట్టలేదా తల్లీ అన్నాడు.

ఏప్రిల్ 30

రెండో విడత సర్వే. ఉద్యోగం పోయిన మనిషి దొరకడం అదృష్టం, ఆ వరస వదలకు అన్నారు మేడమ్. మీరు మనుషులేనా అని అరిచి వచ్చేశాను.

మే 2

ఫారం పట్టుకెళ్ళి పిన్ని ముందు పెట్టాను. ఇక భయపడాల్సింది ఏమీ లేదుగా పిన్నీ అన్నాను. అన్నాను.

మే 3

అన్నిటికీ ఐదు. పైన, పేరు రాయక్కర్లేదన్న చోట, పేరు.