ఎర్రావు మూతి పెట్టని గడ్డి

మామా,

గడ్డి రంగు చూసి కొనాలని బతికినన్నాళ్లూ చెప్పినావే, అది తప్పు. వానకు ఇప్పుడు నెలలు గుర్తుండటం లేదు. కోతలప్పుడు కురిసిపోయింది. చాపాడు వరిగడ్డి పైకి పచ్చగా మెరుస్తాంది, కట్ట విప్పితే లోపలంతా నల్లబూజు. ధర మాత్రం నిరుటికి రెట్టింపు.

పిడికెడు కొంగులో కట్టుకొచ్చి సూడి మీదుండే నీ ఎర్రావుకు పెట్టినా. మూతి తిప్పుకునింది. ఆ గడ్డి వద్దని చెప్పను పోతే, అమ్మేటాయప్ప నవ్వినాడు.

“ఆవుకు గూడా రుచులా అవ్వా?”

“బూజు పట్టిన సంగటి నువ్వు తింటావా అప్పా?”

మాట గట్టిగానే అన్నా గానీ శానా భయంగా ఉంది. ఆవు నేడో రేపో ఈనేట్టుంది. దొడ్లో చొప్ప అడుగంటింది.

రేపు జమ్మలమడుగు దిక్కు జొన్నచొప్ప వెతకను పోతాండా. నువ్వు పోయినావని తెలిసినా అడుగుతాండా, నేనొచ్చేదాకా ఆవును కనిపెట్టుకో. ఉండే చొప్ప గుప్పెడు గుప్పెడే వెయ్యి. అది చూసిందని జాలిపడి మొత్తం వెయ్యొద్దు.