రెండు తూర్పులు

బాతెల్,
అక్టోబరు 12, 2009

విద్య గారికి,

నమస్కారం. పిల్లల భూగోళం పుస్తకానికి నా భార్య ప్రమోద రాసిన తిమోర్ లెస్తె పాఠం ప్రూఫు అందింది. ఈసారి నేను చూశాను.

"తూర్పు తూర్పు అనే పేరున్న దేశం" అన్న మొదటి వాక్యంలో, పొరపాటనుకుని మీరు ఒక తూర్పు కొట్టేశారు. దయచేసి ఉంచండి. తిమోర్ అన్నది తూర్పుకు మలయ్ మాట. లెస్తె అంటే పోర్చుగీసులో తూర్పే. "ఒకటి చాలదా?" అని నేనూ ప్రమోదను అడిగాను. "ఏడేళ్ల దేశమండీ. తన పేరు తను చెప్పుకుంటుంటే మధ్యలో ఆపుతారా?" అంది.

"సముద్రం కింది చమురు ప్రభుత్వాన్ని నడుపుతుంది, కొండ మీది కాఫీ ఇళ్లను నడుపుతుంది" అన్న వాక్యం కూడా అలాగే ఉండనివ్వండి. పాఠం రాసిన రోజుల్లో ఆ కాఫీయే తెప్పించి తాగేది. డబ్బాలో ఇంకా కొంత పొడి ఉంది.

చివరి పేజీలో "రచయిత్రి అమెరికాలోని బాతెల్‌లో ఉంటున్నారు" అని వేశారు. అందులో మీ తప్పు లేదు. ఆగస్టులోనే మీకు తెలియజేయవలసింది, రాయలేకపోయాను. "ఉండేవారు" అని మార్చండి.

పాఠంలో దిద్దవలసింది ఆ ఒక్క మాటే.

ఇట్లు,
ప్రమోద భర్త