నువ్వు వేసిన వెల్డింగు

రసూలన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఎండలో పైపుల మీద కూలిపోయిన మనిషికి గుండెపోటని రాసి ఊరికి పంపేశారు. అలా రాయించిన మేనేజరు, ఆ ముదీర్ మొహం చూస్తే నాకిప్పటికీ చెయ్యి లేస్తుంది.

షార్జాలో మనం ఉండే విల్లా వెనక గ్యారేజీలో, మలుపుల్లో బండిని అడ్డంగా జార్చే డ్రిఫ్టు కోసం మనం మొదలుపెట్టిన తుక్కు కారు పూర్తయింది. ఫోన్లో వీడియోలు చూసి ఇంజను నేనే బిగించాను. వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా నువ్వు లోపలి గేర్లు వెల్డింగు చేశావు కదా, మన రూమ్మేట్ ఇంతియాజ్ దాన్ని విప్పుదామన్నాడు.

"పాత అతుకు రా భాయ్. ఊడిందంటే చస్తావ్. మళ్ళీ కొత్త వెల్డింగు కొట్టిద్దాం."

"దాని మీద చెయ్యేస్తే నిన్ను కొడతా," అన్నాను.

ఈరోజు ట్రాకు మీద తోలాను. మొదటి మలుపులోనే కారు అడ్డంగా జారింది. బంపర్ ఊడి ఎక్కడో పడింది. నీ అతుకు కదల్లేదు.

అలా వెల్డింగు చేసిన కారును మెల్లగా తిప్పితే టైర్లు నేలకు రాసుకుని కీచుమంటాయి. ట్రాకు దిగి పార్కింగులో తిప్పుతుంటే అందరూ చెవులు మూసుకున్నారు.

"ఖలాస్ రా, బండి ఆపు!" అని ఇంతియాజ్ అరిచాడు.

నేను ఇంకో చుట్టు తిప్పాను. నీదంటూ నాకింకా వినిపించేది ఆ కీచు చప్పుడొక్కటే అన్నా.