స్క్రూల మీద గీతలు

తుర్కు,
ఫిబ్రవరి 20

అమ్మా సైలా,

నీ కూతురు హిల్ల క్షేమం. నా పరువే కాస్త దెబ్బతింది.

హిల్ల ఏ పనైనా సగంలో వదిలేస్తుందని, తయారైన రిమోట్ ట్రక్కే కొనమన్నావు. నేను వినకుండా విడిభాగాలు బిగించుకునే రకం కొన్నాను. కానీ నీ మాట లోపల తొలుస్తూనే ఉంది. అందుకని సెలవులకు పిల్ల రాకముందే ఒకసారి మొత్తం బిగించి, నడిపి చూడకుండానే మళ్లీ విప్పి, పొట్లాలు అతికించి పెట్టేశాను. ఎక్కడైనా చిక్కుకుంటే సాయం చేయగలగాలి కదా.

తొమ్మిదేళ్ల పిల్ల పొట్లం విప్పి, ఒక స్క్రూని కిటికీ వెలుగులో తిప్పి చూసింది.

"తాతా, దీన్ని ఎవరో ముందే బిగించారు. తలల మీద గీతలు చూడు."

"కొట్టువాళ్లు పరీక్షించి ఉంటారులే" అన్నాను.

"అయితే వాళ్లకి పని రాదు తాతా. ఈ వెనక గేరుకి గ్రీజు ఏ వైపు అంటిందో చూడు. తిరగేసి పెట్టారు. ముందు చక్రాలు ముందుకీ, వెనక చక్రాలు వెనక్కీ పోతాయి!"

నలభై ఏళ్లు ఓడల ఇంజన్లు బిగించినవాణ్ణి. కాఫీ కప్పు పట్టుకుని వంటింట్లోకి జారుకున్నాను.

మూడు రోజుల్లో తనే పూర్తి చేసింది. నన్ను స్క్రూలు అందించనిచ్చింది, అంతే. నిన్న ట్రక్కు మంచు దిబ్బ ఎక్కుతుంటే నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "అమ్మకి చెప్పన్లే తాతా. ఓడలకి గేర్లు వేరేగా ఉంటాయేమో."

అందుకే నేనే చెప్పేస్తున్నాను. నువ్వు మాత్రం తెలియనట్టే ఉండు.

నాన్న